పాఠం 17: ముఖానికి సూదిమందు

17.1 పరిచయం

ముడతలు పోవాలని, బుగ్గలు నిండుగా కనిపించాలని, పెదవులు లావు కావాలని ముఖానికి ఇంజక్షన్లు వేయించుకోవడం ఒకప్పుడు సినిమావాళ్లకే పరిమితమైన సంగతి. ఇప్పుడు మామూలు కుటుంబాల్లో కూడా ఈ మాట వినిపిస్తోంది. పెళ్లి కుదిరిన అమ్మాయి, పెళ్లికొడుకు తల్లి, రోజంతా కౌంటరులో కూర్చుని పదిమందికి ముఖం చూపించవలసిన ఉద్యోగి, వీరిలో ఎవరైనా అడుగుతారు: "సూది వేయించుకుంటే నిజంగా ముడతలు పోతాయా?"

పోతాయి. అందులో అబద్ధం లేదు. అయితే సూది పడవలసిన చోట పడకపోతే ఏమవుతుంది, ఆ ఇబ్బంది ఎన్నాళ్లుంటుంది, దేనికి ఆగవచ్చు, దేనికి ఒక్క గంట కూడా ఆగకూడదు అన్నది ఈ పాఠంలో చూద్దాం.

ఈ పాఠం చదివాక మీరు ముడతల సూదిమందుకూ నింపుడు సూదిమందుకూ తేడా చెప్పగలుగుతారు. రెప్ప వాలడాన్ని, కనుబొమ జారడాన్ని వేరుగా గుర్తించగలుగుతారు. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలో తెలుసుకుంటారు.

పశ్చిమబెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో చదువుకుంటున్న మన అభ్యాసకులను దృష్టిలో పెట్టుకుని ఉదాహరణలు కొన్ని అక్కడివే ఇచ్చాం. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు పనికోసం వెళ్లి స్థిరపడిన ఊరు అది. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ ప్రభుత్వం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి ముఖ్యకారణం ఆ ఊరి తెలుగువారే.

17.2 విషం మందుగా మారిన తీరు

ముడతలకు వాడే మందు అసలు పేరు బొట్యులినం టాక్సిన్. టాక్సిన్ అంటే విషం. జనం నోట్లో నలిగిన "బోటాక్స్" అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు మాత్రమే. వేరే కంపెనీల మందులు వేరే పేర్లతో వస్తాయి.

జర్మనీలో జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు (ఈయన కవి కూడా) 1820 ప్రాంతంలో, పేగుల్లో కూరి నిలవచేసిన మాంసం తిన్నవారికి వచ్చే ఒక వింత జబ్బును వర్ణించాడు. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. లాటిన్‌లో బొట్యులస్ అంటే అలా కూరిన మాంసం. పేరు అక్కడి నుంచి వచ్చింది. 1895లో బెల్జియంలోని ఎల్జెల్ అనే పల్లెలో ఒక అంత్యక్రియకు వచ్చిన వాద్యగాళ్లు పాడైన పందిమాంసం తిన్నారు. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెం అనే శాస్త్రవేత్త ఆ మాంసంలో ఈ విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవిని కనుక్కున్నాడు.

ఈ విషాన్నే అతి తక్కువ మోతాదులో మెల్లకన్నుకు మందుగా వాడవచ్చని అమెరికా కంటివైద్యుడు అలన్ స్కాట్ నిరూపించాడు. మెల్లకన్నుకూ, ఆపుకోలేకుండా రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకూ 1989లో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో కంటివైద్యురాలు జీన్ కరుథర్స్ ఈ జబ్బుకు సూదులు వేస్తుండగా, కనుబొమల మధ్య ముడతలు కూడా పోతున్నాయని బయటపడింది. ఆమె, చర్మవైద్యుడైన ఆమె భర్త అలస్టేర్ కలిసి 1992లో ఈ సంగతి ప్రచురించారు. ముడతల కోసం వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది 2002లో.

ఈ చరిత్రలో ఒక విషయం గుర్తుంచుకోండి. కెర్నర్ చూసిన రోగుల్లో రెప్పలు వాలడానికీ, నేడు దారితప్పిన సూది వల్ల రెప్ప వాలడానికీ కారణం ఒకటే. తేడా అంతా మోతాదులోనూ, అది చేరిన చోటులోనూ ఉంది.

17.3 మందు ఏం చేస్తుంది?

పాతకాలపు చెయ్యి సిగ్నల్ మీరు చూసే ఉంటారు. లేదా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. కేబిన్‌లో మనిషి లీవరు లాగితే తీగ కదిలి దూరాన ఉన్న సిగ్నల్ చెయ్యి కదులుతుంది. ఇప్పుడు తీగ చివర కొక్కెం ఊడిందనుకుందాం. లీవరు బాగానే ఉంది, తీగ తెగలేదు, సిగ్నల్ చెయ్యి విరగలేదు. అయినా అది కదలదు.

ముఖంలో మెదడు కేబిన్, నరం తీగ, కండరం సిగ్నల్ చెయ్యి. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి కండరాన్ని ముడుచుకోమని చెబుతుంది. బొట్యులినం టాక్సిన్ ఆ రసాయనాన్ని బయటికి రానివ్వదు. కండరం వదులవుతుంది, దానిపై చర్మం సాపు అవుతుంది.

సూది వేసిన క్షణంలో ఏమీ కనిపించదు. మూడు నాలుగు రోజుల్లో పని మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. మూడు నాలుగు నెలల్లో నరం చివరలు మళ్లీ కోలుకుని కండరం యథాస్థితికి వస్తుంది. మంచి ఫలితం ఎంతకాలం ఉంటుందో, చెడు ఫలితం కూడా ఇంచుమించు అదే గడియారం ప్రకారం నడుస్తుంది. అంతేకాదు, కండరానికి చేరిన టాక్సిన్‌ను వెనక్కి లాగే మందు లేదు. విరుగుడు ఇంజక్షన్ ఉన్నా, అది రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. అప్పటికే నరంలో దూరినదాన్ని అది ఏమీ చేయలేదు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1
(అ) సూది వేసిన గంటకే "ఏమీ తేడా లేదు, మందు నకిలీ" అనడం సరైనదేనా?
(ఆ) సిగ్నల్ పోలికలో కొక్కెం దేనికి గుర్తు?

17.4 రెప్ప వాలినప్పుడు

మథురాకాటి రైల్వే క్వార్టర్స్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

"అక్కా, నీ కుడికన్ను ఏటి, నిద్రమొహంలాగ ఉంది?"

"నిద్ర కాదే. కనుబొమల మధ్య ముడతలకని కలకత్తాలో సూది వేయించుకున్నాను కదా. ఇంటికొచ్చిన నాలుగోరోజు నుంచి రెప్ప పైకి లేవట్లేదు."

"బావకి చెప్పేవా?"

"చెప్తే ఊరుకుంటాడేటి? వద్దన్నా వెళ్లేనని అంటాడు. అమ్మకి కూడా చెప్పకు. ఇదిలా ఉండిపోద్దేమోనని భయంగా ఉందే."

ఉండిపోదు. ఇలాంటి ఇబ్బంది వచ్చినవారు మొదట తెలుసుకోవలసింది అదే, చాలామందికి చెప్పేవారు లేనిది కూడా అదే. రెప్ప వాలడం సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొందరిలో రెండు మూడు నెలలు పట్టవచ్చు.

ఎందుకు వాలింది? కనుబొమల మధ్య ముడతలు వేసే కండరాలకు మందు వేయాలంటే, కంటిగూటి ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన సూది గుచ్చాలని వైద్యులు నేర్చుకుంటారు. అంతకన్నా కిందికి వేసినా, ఎక్కువ నీళ్లతో కలిపి వేసినా, వేసిన చోట గట్టిగా రుద్దినా, మందు కంటిగూటిలోకి ఇంకి పై రెప్పను ఎత్తే కండరాన్ని చేరుతుంది. ఆ కండరం చిన్నది. కొద్ది మందుకే లొంగిపోతుంది.

రెప్ప వాలడం వేరు, కనుబొమ జారడం వేరు. రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్ల తప్పుడు వైద్యం జరుగుతుంది. తేడా తెలుసుకోవడానికి అద్దం ముందు నిలబడి కనుబొమను వేలితో కొద్దిగా పైకి ఎత్తి పట్టుకోండి. అలా ఎత్తగానే కన్ను మామూలుగా తెరుచుకున్నట్లు కనిపిస్తే జారింది కనుబొమ. ఎత్తినా కూడా రెప్ప అంచు నల్లగుడ్డు మీదికి దిగే ఉంటే వాలింది రెప్ప.

కనుబొమను పైకి పట్టి ఉంచేది నుదుటి కండరం ఒక్కటే. నుదుటి అడ్డగీతలు పోవాలని ఆ కండరానికి మరీ కిందగానో మరీ ఎక్కువగానో మందు వేస్తే కనుబొమ దిగిపోతుంది. వయసు పైబడి రెప్పలు బరువెక్కినవారు తమకు తెలియకుండానే రోజంతా నుదురు ఎత్తి చూస్తుంటారు. వారి నుదుటి గీతలకు కారణం అదే. అలాంటివారికి నుదుటి మీద సూది అసలు వద్దని చెప్పే వైద్యుడే మంచి వైద్యుడు. కనుబొమ జారితే ఆ బరువు దాదాపు మూడు నెలలు ఉంటుంది. దీనికి వ్యతిరేకంగా, నుదుటి మధ్యలో మాత్రమే మందు వేసి పక్కలు వదిలేస్తే కనుబొమల చివర్లు నాటకంలో రాక్షస వేషానికి దిద్దినట్లు పైకి లేస్తాయి. చూడటానికి భయంగా ఉన్నా ఇది తేలికైనదే. పక్కన రెండు చిన్న చుక్కల మందు వేస్తే సర్దుకుంటుంది.

రెప్ప వాలినవారికి ఎప్రాక్లొనిడిన్ అనే కంటిచుక్కల మందును వైద్యులు ఇస్తారు. రెప్పను ఎత్తడానికి తోడ్పడే మరో చిన్న కండరం ఉంది. ఈ చుక్కలు దాన్ని బిగించి రెప్పను ఒకటి రెండు మిల్లీమీటర్లు లేపుతాయి. వింటే తక్కువే అనిపిస్తుంది. నల్లగుడ్డుకు అడ్డంపడిన రెప్ప పక్కకు తప్పుకోవడానికి మాత్రం అది చాలు. ఇవి మందులషాపులో అడిగి కొనుక్కుని వేసుకునే చుక్కలు కావు. కంటివైద్యుడు చూసి రాయాలి. కనుబొమ జారినదానికి ఇవి పనిచేయవు.

ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊరిలో దీనికి మరో కోణం ఉంది. రైల్వేలో ఉద్యోగాన్ని బట్టి చూపు ప్రమాణాలు ఉంటాయి. రైలు నడిపే లోకో పైలట్లది ఏ–1, అన్నిటికన్నా కఠినమైనది. రెప్ప కంటికి అడ్డు పడినా, ఒకటి రెండుగా కనిపించినా, అది అందం సమస్యగా మిగలదు. భార్య సరదాపడిందని తోడుగా వెళ్లి తానూ ఒక సూది వేయించుకున్న లోకో పైలట్‌కు సిగ్నల్ రెండుగా కనిపించిందనుకోండి, అతడు సిగ్గుపడి దాచకుండా రైల్వే డాక్టరు దగ్గర సిక్ రిపోర్టు చేయాలి.

నోటి చుట్టూ వేసిన సూది దారి తప్పితే నవ్వు ఒకవైపుకు లాగుతుంది, గ్లాసెత్తి నీళ్లు తాగితే మూలనుంచి కారతాయి. ఈల రాదు. మన వర్ణమాల పాఠంలో ఓష్ఠ్యాలు నేర్చుకున్నారు కదా: ప, ఫ, బ, భ, మ. రెండు పెదవులూ గట్టిగా కలిస్తేనే ఇవి స్పష్టంగా పలుకుతాయి. పెదవి కండరం వదులైనవారికి మొదట తడబడేవి ఈ అక్షరాలే. ఇది కూడా కాలం గడిస్తే తగ్గేదే.

ఇంతవరకు చెప్పినవి ఓపిక పట్టదగినవి. కింది లక్షణాలు అలాంటివి కావు. సూది తర్వాత గంటల్లో గాని, రోజుల్లో గాని, వారాల్లో గాని మింగడం కష్టమైనా, గొంతు మారినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లంతా నీరసపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మందు సూదిచోటు దాటి దూరం పాకిందని దీని అర్థం. ఈ ప్రమాదం గురించి 2009లో అమెరికా ప్రభుత్వం మందు కాగితం మీద పెట్టెకట్టి హెచ్చరిక వేయించింది. అలాగే తీవ్రమైన తలనొప్పితో రెప్ప వాలినా, ఆ కంటి నల్లపాప పెద్దదైనా, చేయి కాలు పట్టు తప్పినా "సూది వల్లే కాబోలు" అని ఊరుకోకండి. అది మెదడుకు సంబంధించిన జబ్బు కావచ్చు.

నకిలీ మందు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2004 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో, మనుషులకు వాడటానికి అనుమతిలేని ప్రయోగశాల టాక్సిన్‌ను ముడతల మందుగా వేసుకున్న నలుగురు పక్షవాతానికి గురై ఊపిరి యంత్రాల మీదికి వెళ్లారు. వేసిన మనిషి కూడా ఆ నలుగురిలో ఒకడు! 2024లో అదే దేశంలో నకిలీ మందువల్ల, లేదా అర్హతలేని వారు వేసినందువల్ల 11 రాష్ట్రాల్లో 22 మందికి ఇబ్బంది కలిగింది. ఒక సంగతి: వేర్వేరు కంపెనీల యూనిట్లు సమానం కావు. ఒక కంపెనీ మందు 20 యూనిట్లు వేయవలసిన చోట మరో కంపెనీది 20 వేస్తే లెక్క తప్పుతుంది. "మాది తక్కువ ధర, అదే మందు" అన్నవారిని నమ్మకపోవడానికి ఇదొక్కటి చాలు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2
(అ) కనుబొమను వేలితో ఎత్తగానే కన్ను మామూలుగా కనిపించింది. కంటిచుక్కలు ఉపయోగపడతాయా? ఎందుకు?
(ఆ) సూది వేసిన ఆరోరోజు అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. ఏం చేయాలి?

17.5 నింపుడు సూదిమందు

రెండో రకం ఫిల్లర్లు. ఇవి కండరాన్ని వదులు చేయవు. చర్మం కింద చేరి గుంటను నింపుతాయి. ఎక్కువగా వాడేది హైల్యురోనిక్ ఆమ్లం అనే జిగురు. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే ఇది. చర్మానికి మరీ దగ్గరగా వేస్తే నీలిరంగు ఛాయ కనిపిస్తుంది. ఒకేచోట పోగుపడితే గడ్డలా చేతికి తగులుతుంది. ఇవి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా ఉంటాయి. అయితే టాక్సిన్‌కు లేని సదుపాయం దీనికి ఉంది. హైల్యురోనిడేజ్ అనే మందు వేస్తే ఈ జిగురు కరిగిపోతుంది.

ఇక భయపడవలసిన సంగతి. జిగురు పొరపాటున రక్తనాళంలోకి వెళితే ఆ నాళం మూసుకుపోతుంది. చర్మం తెల్లగా పాలిపోయి, తర్వాత వల పరిచినట్లు ఊదారంగు మచ్చలు పడతాయి. మామూలుకు మించిన నొప్పి ఉంటుంది. ఆలస్యమైతే ఆ భాగం చచ్చిపోయి జీవితాంతం మచ్చ మిగులుతుంది. ముక్కు దగ్గర, కనుబొమల మధ్య వేసినప్పుడు జిగురు వెనక్కి పాకి కంటికి రక్తం ఇచ్చే నాళాన్ని కూడా మూసేయవచ్చు. రెటీనాకు రక్తం అందకపోతే గంట, గంటన్నరలో నష్టం శాశ్వతమవుతుంది.

ఈ గంటన్నర లెక్కను ఖరగ్‌పూర్ నుంచి ఆలోచించండి. హౌరా 115 కిలోమీటర్లు. లోకల్ బండి ఆ దూరం పోవడానికే గంటన్నర కన్నా ఎక్కువ పడుతుంది. చూపు పోవడం సాధారణంగా సూది పడిన నిమిషాల్లోనే తెలుస్తుంది. చర్మం పాలిపోవడం మాత్రం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. కనుక కలకత్తాలో ఫిల్లర్ వేయించుకుని అట్నుంచి అటే బండి ఎక్కేయడం తెలివైన పని కాదు. కొన్ని గంటలు అక్కడే ఉండి, అద్దంలో చూసుకుని, తర్వాత బయలుదేరాలి. వేయించుకునేముందే "కరిగించే మందు మీ దగ్గర ఉందా?" అని అడగాలి. తడబడితే లేచి వచ్చేయాలి.

కరగని పదార్థాల కథ పాతది. 1899 నుంచి యూరప్‌లో వియన్నా వైద్యుడు గెర్సునీ చూపిన దారిలో కరిగించిన పారఫిన్, అంటే కొవ్వొత్తి మైనం వంటి పదార్థం, చర్మం కింద ఎక్కించేవారు. తర్వాత కాలంలో ఇంగ్లండులో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ యవ్వనంలో ముక్కు తీరు మార్చుకోవడానికి అలా ఎక్కించుకుంది. ఆ మైనం కిందికి జారి, ఆమె ప్రఖ్యాతమైన అందం చెడిపోయింది. ఆ పద్ధతి పోయింది గాని, ద్రవ సిలికాన్ రూపంలో ఆ ఆశ ఇంకా బతికే ఉంది. "ఒక్కసారి వేస్తే జీవితాంతం ఉంటుంది" అన్న ప్రకటన చూస్తే, ఇబ్బంది వచ్చినా జీవితాంతం ఉంటుందని చదువుకోండి.

మొటిమకు, గట్టిపడిన మచ్చకు స్టిరాయిడ్ సూది వేయడం కూడా ఉంది. అది సరైన వైద్యమే. మోతాదు ఎక్కువైనా, లోతు తప్పినా అక్కడ చర్మం పలచబడి గుంట పడుతుంది, రంగు పోతుంది. ఇవి చాలావరకు కొన్ని నెలల్లో, ఏడాదిలోగా పూడుకుంటాయి.

17.6 ఎవరు వేయాలి? ఎవరికి చెప్పాలి?

బొట్యులినం టాక్సిన్ డాక్టరు చీటీ మీదే ఇవ్వవలసిన మందు. పార్లరులో ఫేషియల్ చేసే అమ్మాయి ఎంత నేర్పరి అయినా దాన్ని వేయకూడదు. రిజిస్టరైన వైద్యులు కానివారు వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు గాని, ఐదు లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

సూది పడకముందే సీసా చూపించమని అడగండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపించేలా ఫోనులో ఫోటో తీసుకోండి. ఎన్ని యూనిట్లు, ఎక్కడెక్కడ వేశారో కాగితం మీద రాయించుకుని, డబ్బు కట్టిన రసీదుతో కలిపి దాచండి. అడగటానికి మొహమాటపడతాం. ఆ మొహమాటం ఖరీదైనది. రేపు వేరే డాక్టరు వైద్యం చేయాలన్నా ఆయన మొదట అడిగేది ఈ వివరాలే.

రైల్వే ఉద్యోగులు, కుటుంబసభ్యులు ఖరగ్‌పూర్‌లోని రైల్వే ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. మిగిలినవారికి సబ్‌డివిజనల్ ఆసుపత్రి, కంసావతి నది దాటితే మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఓపిక పట్టదగిన ఇబ్బందికి, బంధువులు ఎలాగూ విశాఖపట్నంలో ఉంటే, రాత్రి బండికి వెళ్లి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. అత్యవసరమైనదానికి మాత్రం దగ్గరలో ఉన్న ఆసుపత్రే సరైనది.

మందువల్ల కలిగిన చెడు ఫలితాన్ని రోగి స్వయంగా 1800-180-3024 నంబరుకు ఉచితంగా తెలపవచ్చు. దేశమంతటా మందుల దుష్ఫలితాలను నమోదు చేసే కార్యక్రమం ఇది. 2010లో మొదలైంది. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్న 2019 చట్టం కింద రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. సలహాకు 1915 నంబరు ఉంది. రెప్ప వాలడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. జాగ్రత్తగా వేసినా కొద్దిమందికి వాలుతుంది. ఎవరు వేశారు, ఏ మందు వేశారు, ముందుగా మీకు ఏం చెప్పారు, ఇబ్బంది చెప్పాక ఏం చేశారు అన్నవి అక్కడ తేలవలసిన విషయాలు.

పాఠాంత ప్రశ్నలు

1. టాక్సిన్‌కూ ఫిల్లర్‌కూ పనిచేసే తీరులో, విరుగుడులో ఉన్న తేడాలు రాయండి.
2. పై పాఠంలోని చెల్లెలు మీరే అయితే అక్కకు ఏం చెబుతారు? పది వాక్యాల్లో సంభాషణగా రాయండి. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయవచ్చు.
3. సూది వేసినచోట రాయించుకోవలసిన వివరాలతో ఒక చిన్న కార్డు నమూనా తయారుచేయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1 (అ) సరైనది కాదు. మందు పని మూడు నాలుగు రోజులకు మొదలవుతుంది. రెండు వారాలు ఆగి చూడాలి. (ఆ) నరం చివర నుంచి కండరానికి కబురు చేర్చే ఎసిటైల్‌కోలిన్‌కు.

17.2 (అ) ఉపయోగపడవు. జారింది కనుబొమ. చుక్కలు రెప్పలోని చిన్న కండరం మీదే పనిచేస్తాయి. (ఆ) మందు దూరం పాకి ఉండవచ్చు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లి, ఏ రోజున ఏ సూది వేయించుకున్నారో చెప్పి, సీసా ఫోటో చూపించాలి.